నికర బరువు

భైరవపాలెం మొగలో ఇంజను ఆపాడు లోవరాజు.
నెత్తిన యూరియా సంచీ కొప్పెర,
వాన మాత్రం ఒళ్ళోనే.

సీసా ముంచాను.
అంచు పొర్లేదాకా నిండాలి,
ఒక్క బుడగ మిగిలినా పారబోయాలి.
ఆపైన రెండు చుక్కల విషం,
లోపలి జీవాలు ఇక ఊపిరి తీయకుండా.
ఇన్నేళ్ళయినా
ఆ రెండు చుక్కల దగ్గర చెయ్యి తడబడుతుంది.

"ఏం వాయువండీ ఇది?"
పన్ను పీకేటప్పుడు పీలిపిస్తారు, నవ్వొస్తుంది, అన్నాను.
"ఆయ్, నాకు కాకినాడలో రెండు పీకేరండి.
నవ్వు రాలేదు, బిల్లొచ్చింది."

మాఘంలో ఇదే నీరు
గాలిలోంచి గుక్కెడు గుక్కెడు తాగింది.
వైశాఖంలో అడుగునీళ్ళు పైకి తిరగబడి
తాగినదానికి పదింతలు కక్కింది.
ఇప్పుడు భాద్రపదం, ఎర్రనీరు.
ఎగువన ఎవరో చల్లిన గుప్పెడు,
వరి తినగా మిగిలింది,
మురుగుకాలవ దాటి, మడవేళ్ళ బురదలో పులిసి
మా పడవ పక్కనుంచే పైకి పోతోందో,
లేక నీళ్ళే మింగేస్తున్నాయో.
అంకె ముందు కూడికో తీసివేతో
రేపు మిషను చెప్పాలి.

లోవరాజు సంచీ తీసి దులిపాడు.
అక్షరాలు సగం వెలిసిపోయాయి.
'నికర బరువు' అని ఉంది.
ఎంతో, చెరిగిపోయింది.