పదికి ఎంత

రాత్రి రెండింటికి ఉప్పలగుప్తంలో
అందరికంటే ముందు నా టార్చి లైటు లేస్తుంది.
నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.
గట్టు దిగి, ఇంటి మెట్టెక్కి,
చెప్పులు విప్పబోయి
మళ్ళీ వెనక్కి.

నాలుగే.

కిందటేడు ఒక్క రాత్రి, ఒక్క గంట.
కరెంటు పోయింది. జనరేటరు దగ్గింది, లేవలేదు.
తెల్లారేసరికి రెండో చెరువులో రొయ్యంతా
గట్టు వారన తెల్లగా తేలి
పెళ్ళయ్యాక ఊడ్చిపోసిన అక్షింతల్లా.
మేత కొట్టు అప్పు ఈ ఏటి పంటతో తీరింది.
ఆ గంట తీరలేదు.

ఏబేలు, మా కాపలా కుర్రాడు, ఓనాడు అడిగేశాడు:
"అయ్యా, తమరు నమ్మంది నన్నా, మోటార్లనా?"
ఏం చెప్పను. నాకూ తెలీదు.

అమలాపురంలో మేత కొట్టు పైన, మేడ మీద
హైమావతి గారి గది.
మెట్ల దగ్గర తెలిసినవాళ్ళు తగిలితే
మేత ధర కనుక్కుందామని వచ్చానండి, అనేవాణ్ణి.
అబద్ధం నిలబడాలని
రెండు బస్తాలు అక్కర్లేకపోయినా కొన్నాను.

ఆవిడ నా చిన్నతనం గురించి అడగలేదు.
"చెరువులో గాలి ఎంతుందో ఎలా తెలుస్తుందండీ?"
వచ్చిన సంగతి అడిగితే నా నోరు ఆగదు.
మీటరు ముంచుతామండి, పుస్తకంలో రాస్తామండి,
తెల్లవారుజామున బాగా పడిపోద్దండి,
ఎండెక్కితే దానంతటదే లేస్తదండి...

"అదే పుస్తకంలో పక్కన ఇంకో గీత కొట్టండి.
మీ భయం పదికి ఎంతో వేయండి.
గట్టు మీదకెళ్ళకుండా, మంచం మీదే కూర్చుని.
ముందు కొలవండి. తరవాత చూద్దాం."

ఇంతేనా, అనుకున్నాను మెట్లు దిగుతూ.
దీనికి ఆరొందలా!

రెండింటికి: తొమ్మిది.
రెండుంపావుకి: తొమ్మిదిన్నర. పెన్ను కాగితాన్ని పొడిచింది.
రెండున్నరకి: తొమ్మిది.
మూడింటికి: ఏడు.
నేనేం చెయ్యలేదు.
మూడుంపావుకి పరిగెత్తాను, అది వేరే సంగతి.

పుస్తకంలో పేజీలు నిండాక తట్టింది.
ఓడలరేవు మొగ దగ్గర చూస్తూనే ఉంటాం కదా,
పోటెక్కుతున్నప్పుడు
పడవల్నీ పాకల్నీ కలిపి మింగేస్తుందనిపిస్తుంది.
ఎవరూ వెళ్ళి తోడరు.
పాటు వేళకి దిగుతుంది.
ఇన్నాళ్ళూ నేను గట్టు చుట్టూ తిరిగి తిరిగి
దాన్ని దించింది నా టార్చి లైటే అనుకున్నాను.

అన్ని రాత్రులూ ఒకలా లేవు.
గాలివాన రోజున మూడుసార్లు వెళ్ళొచ్చాను,
సిగ్గుపడుతూ చెప్పాను.
"రాశారా?" అన్నారావిడ.
రాశానండి.
"గాలివానకి వెళ్ళకపోతే నేనే తిట్టేదాన్ని.
రెండోసారీ మూడోసారీ ఎందుకెళ్ళారో
ఆ రెండిటి గురించే మాట్లాడుకుందాం."

మొన్న రాత్రి నూకరత్నం లేచి నా పక్కన కూర్చుంది.
పుస్తకం తిరగేసింది.
ఎడం పక్క నీళ్ళ లెక్క, కుడి పక్క నా లెక్క.
"నాకెంతో అడగవా?"

పద్దెనిమిదేళ్ళ కాపురం. అడగలేదు.

"నువ్వు గట్టు మీద ఉన్నంతసేపూ ఎనిమిది.
కాలు జారతావో, తెగిన తీగ తొక్కుతావో అని.
నువ్వొచ్చి కాళ్ళు కడుక్కున్న చప్పుడికి ఆరు.
అంతకన్నా ఎప్పుడూ దిగలేదు."

ఆ ఆరు
ఏ మీటరుకీ అందకుండా
నా పక్కనే పడుకుని ఉంది ఇన్నేళ్ళు.

మూడో గీత కొట్టాను. స్కేలు లేదు, వంకరగా వచ్చింది.
బయట నీళ్ళ మీద రెక్కల చప్పుడు.
పావుగంట ఆగి అడిగాను, ఇప్పుడెంత?

"నిద్రొస్తోంది," అంది అటు తిరిగి.
"దానికెంత అంకెయ్యాలో
మీ హైమావతి గార్నడుగు."