నైట్ డ్యూటీ, నర్సాపురం

నవల్లో డాక్టరు పొడగరి, బూడిదరంగు కళ్లు.
నూటపదో పేజీలో మంచు కురుస్తుంది.
ఇక్కడ వీచేది ఉప్పుగాలి,
సఖినేటిపల్లి నుంచి ఆఖరి పంటు దిగొచ్చే
ల్యాబు జీవరత్నం చెప్పుల నిండా రేవు బురద.

పదకొండేళ్లుగా నేనెవరికీ
టీ అయినా బాకీ లేను.

అతనేమీ అడగలేదు.
వెదురుబద్దల నక్షత్రాన్ని
ఖాళీ సెలైను స్టాండుకి కట్టి
బల్బు వెలగకపోతే ఊది, తట్టి, తిట్టి
"సిస్టరుగారూ, ఓసారి పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాను.
ఎర్రకాగితం వెలుగు అతని వేళ్ల మీంచి
నా వేళ్ల మీదికి జారింది.
కేరల్స్ వాళ్ల డప్పు కాలవగట్టు మలుపు తిరిగింది.

నవల నూటపదో పేజీలోనే ఆగింది,
గుర్తుగా ల్యాబు చీటీ.
మూడో బెడ్డు మామ్మ నాడి చూస్తూ
రెండుసార్లు లెక్క తప్పాను.

కళ్లు మూసుకునే అంది మామ్మ:
"నెమ్మదిగా లెక్కెట్టమ్మా,
నాకేం తొందర్లేదు."