ముప్పై రెండో అంతస్తు నుంచి కిందికి

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుంటే
చెయ్యి అడ్డం పెట్టి లోపలికొచ్చింది బెథానీ ఫారుజా.
చేరి నాలుగు నెలలు. మెడలో కార్డు ఇంకా మెరుస్తోంది.
"ఇక్కడ పార్ట్‌నర్ కావడానికి మామూలుగా ఎన్నేళ్లు పడుతుంది?"
బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

కాలిన్స్ స్ట్రీట్ దాకా నలభై సెకన్లు.
మా లెక్కలో అదొక యూనిట్.
ఆరు నిమిషాల కన్నా చిన్న కాలం
మా ఆఫీసులో ఇంకా పుట్టలేదు.
క్లయింటుకి "సరే" అని రెండక్షరాలు పంపినా ఆరు నిమిషాలే.
ఘడియకి సరిగ్గా నాలుగు యూనిట్లు పడతాయి.
ఈ సంగతి తెలిసిన లాయరు
మెల్‌బోర్న్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.
దీనికి బోనస్ లేదు.

ఏడేళ్లు, అన్నాడు నాతో మాల్కమ్ ట్రెంగోవ్
ఇంటర్వ్యూలో బిస్కెట్ టీలో ముంచుతూ.
మరీ బాగా చేస్తే ఆరు.
అరచేతిలో వైకుంఠం అంత వివరంగా
నాకెవరూ చూపించలేదు:
మూల గది, రెండు కిటికీలు, కింద యారా నది.
ఏడో ఏడు వచ్చేసరికి మార్కెట్ బాలేదు.
ఎనిమిదో ఏట, నీ బిజినెస్ కేస్ ఏదీ అన్నారు.
పద్నాలుగు పేజీలు రాశాను,
సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూపించినట్టు.
ఎద్దునీ నేనే, పట్టుకున్న చెయ్యీ నాదే.
బాగుంది, వచ్చే జూన్‌లో చూద్దాం అన్నారు.
జూన్ ఈ ఊళ్లో చలికాలం.
శుభవార్త వినడానికి కూడా కోటు కావాలి.

ఏలినాటి శనికైనా ఒక మాటుంది.
ఏడున్నరేళ్లంటాడు,
ఏడున్నరేళ్లకి దిగిపోతాడు.

మా వైపు పూర్వం తలుపుల మీద
సున్నంతో "రేపు రా" అని రాసేవాళ్లు.
రాత్రి దయ్యం వచ్చి, చదువుకుని,
బుద్ధిగా వెనక్కి వెళ్లేదట. మర్నాడు మళ్లీ వచ్చేదట.
చిన్నప్పుడు ఆ ఇంటివాళ్ల తెలివికి నవ్వేదాన్ని.
ఇప్పుడు దయ్యం గురించి ఆలోచిస్తాను.
చదువుకున్న దయ్యం.
అక్షరం వచ్చినందుకే కదా మోసపోయింది!

ఇంకొకటుంది బెథానీ,
నా పదకొండేళ్లు వాళ్ల పుస్తకంలో పదేళ్ల రెండు నెలలు.
పాప పుట్టాక పది నెలలు గడియారం ఆపారు,
అది నా మేలుకేనని ఉత్తరం కూడా ఇచ్చారు.
ఆ పది నెలల్లో పాప బోర్లాపడింది, పాకింది,
సోఫా పట్టుకుని లేచి నిలబడింది.

ఆనుష్ తొమ్మిదో ఏట వెళ్లిపోయింది
వారగుల్‌లో పాల కంపెనీకి.
ఐదింటికల్లా ఇంటికెళ్లొచ్చట.
మొదటి నెలంతా ఐదింటికి ఏం చెయ్యాలో తెలీక
కారులోనే కూర్చునేదట.
హామిష్‌ని స్పెషల్ కౌన్సెల్ చేశారు,
లూప్ లైన్లోకి తీసిన గూడ్స్ బండిలా.
జీతం బాగానే ఉంది.
పక్కనుంచి ఎక్స్‌ప్రెస్‌లు వెళ్తుంటే చెయ్యి ఊపుతాడు.
అయినవాళ్లూ ఉన్నారు. కిందటేడు రోవెనా అయింది,
వాటా డబ్బుకి బ్యాంకులో అప్పు తీసుకుని.
రాత్రి పదింటికి నేను వెళ్తుంటే
ఇప్పటికీ ఆమె గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది.
మొత్తం ఎన్నేళ్లు పట్టిందని అడిగితే
"దేనికి?" అంది.
వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

వచ్చే జూన్‌కి నాకు పుష్కరం నిండుతుంది.
యారాకి పుష్కరాలు లేవు.
ఉన్నా, ఆ బురద నీళ్లలో మునిగితే
ఏ పాపం పోవాలో నాకు తెలీదు.

ఇదంతా చెప్పలేదు.
పద్దెనిమిది, పదకొండు, మూడు.
ఎర్ర అంకెలు దిగాయి, తలుపులు తెరుచుకున్నాయి.
"మామూలుగా" అన్నాను, "ఏడు, ఎనిమిది."
పెదాలకి సున్నం అంటుకున్నట్టయింది.

థ్యాంక్స్ చెప్పి ట్రామ్ కోసం పరిగెత్తింది,
కార్డు వీపు మీదికి ఎగురుతుంటే.

నేను ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్ తీశాను.
ఒక యూనిట్, అని కొట్టాను.
క్లయింటు పేరు రాయనిదే
ముందుకు కదలనంటోంది.