వెనక బెంచి

హెడ్మాస్టర్‌నై పదకొండో నెల.
తాళాల గుత్తి టేబుల్ మీద పడేసి
ఏడో తరగతి వెనక బెంచి మీద కూసున్న.
మోకాళ్లు పట్టలే.

తనిఖీ అనుకున్నడేమో మొయినుద్దీన్ సారు,
చాక్‌పీసు రెండుసార్లు విరిగింది.
"మిమ్మల్ని చూడ రాలే సారూ,
బోర్డును చూడొచ్చిన" అన్న.

బోర్డు కనపడలే.
కిటికీలకెళ్లి మక్తల్ ఎండ ఏటవాలుగ దిగి
భిన్నాల కింది అంకెలన్నీ మింగేసింది.
పక్కన మణెమ్మ,
గుంపుమేస్త్రి లెక్క తీరి పూణె నుంచి మొన్ననే వచ్చిన పిల్ల,
కండ్లు చికిలించి
ముందు పిల్ల నోటుబుక్కుల చూసి రాస్తున్నది.

నిరుడు రిజిస్టర్ల
"కాపీ కొడుతది" అని రాసింది నేనే.

అన్నం బెల్లు కొట్టినంక
బోర్డును ఉత్తరం గోడకు మార్చినం.
ఆరు మేకులు, అటెండర్ కుర్మయ్య సుత్తె.
పైకి ఏ కాగితమూ పంపలే.

ఇంకో మాట కూడ అనుకున్నం:
ప్రశ్న అడిగినంక
మనసుల పది లెక్కపెట్టాలె,
జవాబు మనమే చెప్పొద్దు.

మర్నాడు సారు అడిగిండు:
"సగంల సగం ఎంత?"
ఒకటి, రెండు, మూడు...
ఇంత పొడుగు మౌనం
మా బడిల సంతాప సభలకే ఉండేది.
ఏడు కాడ సారు పెదవి కదిలింది,
నేను దగ్గిన.
తొమ్మిది కాడ మణెమ్మ లేసింది:

"తట్టెడు ఇసుకల సగం అమ్మ మోస్తది,
అండ్ల సగం నేను.
పావు తట్ట సారూ."

సారు శెబాష్ అనలే.
కొంచెంసేపు గోడకు తిరిగి నిలవడి
బోర్డు మీద ఒక తట్ట గీసిండు,
నాలుగు పాళ్లు చేసిండు.

ఆఫీసుల ఫోను మోగుతనే ఉన్నది.
మణెమ్మ ఒక పాలుకు రంగు వేస్తున్నది,
గీత దాటకుండ.