తారీఖు మరిచిన డబ్బా

సిరొంచల మూడొద్దులాయె కరెంటు లేక.
నా దుకాణంల పదహారు గడియారాలు
పదహారు తీర్ల టైము చెప్పుకుంట నడుస్తనే ఉన్నయి.
బాగుచేసినయే అన్నీ,
తీస్కపోయేటోళ్ళు రాలే, అంతే.

సంకేత్ వచ్చిండు వానల తడుసుకుంట,
తువ్వాలల సుట్టిన నల్లడబ్బ సంకల ఇరికించుకొని.
"ఓదెలు కాకా, దీని లోపట గూడ
వాచీల ఏసే అసొంటి సెల్లే ఉంటదట.
జెర సూడరాదు."

నలభై ఏండ్ల సంది చేతివాచీలు ఇప్పుతున్న.
ఒక ఫారెస్టు సాబు వాచీల చీమల గూడు గూడ సూసిన.
ఆటలాడే డబ్బ మాత్రం ఇదే మొదలు.
పదకొండు మరలు. ఒకటి దొర్లి ఎటో పాయె.
లోపట దుమ్ము, బల్లిగుడ్డు పెంకు,
మూలకు రూపాయి బిళ్ళంత సెల్లు,
తళతళ మెరుస్తనే ఉన్నది.
మీటరు వెడితే ముల్లు కదలలే.

వాడు చెప్పుకొచ్చిండు:
పిడుగుల భయానికి అమ్మ
వానకాలమంత ప్లగ్గు పీకేసిందట.
గోడకెల్లి కరెంటు రానప్పుడు
ఇయ్యాల ఏ తారీఖో యాదుంచేది ఈ సెల్లేనట.
ఇది సచ్చిపోతే డబ్బకు తారీఖు తెల్వదు,
తారీఖు తెల్వకుంటే కొన్న ఆటలు తెర్వదు.

"కొన్నయే గదరా?"
"కొన్నయే కాకా. అన్న సుర్జాగడ్‌ల లారీ తోలి
నాలుగు ఆటలు కొన్నడు.
బిళ్ళ లేదు, రసీదు లేదు.
యాడనో ఒక మిషిను ఉంటది,
అది 'అవు, ఈళ్ళయే' అనాలె."

బిళ్ళ ఏసి ఆడే పాత క్రికెట్టు మాత్రం
ఏమడుగకుంట ఆడుతదట.

నవ్వచ్చింది నాకు.
మా లస్మక్క యాదికొచ్చి ఆగిపోయిన.
పోయిన కార్తీకంల తాసీలు కచేరీల
కిటికీ ముంగట నిలవడి, "నేనే సాబ్, బతికే ఉన్న" అన్నది.
"హయాతీ దాఖలా కుఠే?" అన్నడు లోపటాయన.
తునికాకు కట్టలు కట్టి కట్టి అరిగిన బొటనేలు
మిషిను మీద నాలుగుసార్లు ఒత్తింది.
నాలుగుసార్లు ఎర్రలైటు.
పింఛను ఆర్నెల్లు ఆగింది.
ఆ ఆర్నెల్లు అక్క రోజూ పొద్దుగాల లేచి
వాకిలి ఊడ్సుడు ఆపలేదు.

కొత్త సెల్లు ఇరవై ఐదు రూపాయలు.
నేనేసే ప్రతి సెల్లు ఈపు మీద
సన్నపెన్నుతోటి తారీఖు రాసుడు నాకలవాటు,
ఎన్నొద్దులు నడిసిందో రేపు తెల్వాలె గద.
దీనికీ రాసిన. ఊదిన, ఆరినంక కూసోవెట్టిన.
పదకొండో మర దొరకలే,
అలారం గడియారంది ఒకటి వెట్టి బిగించిన.

జిరాక్సు మాడిశెట్టి ఇన్వర్టరుకు తగిలిస్తే
నీలిలైటు వచ్చింది. సంకేత్ ఎగిరిండు.
తెర మీద: జనవరి ఒకటి,
వాడు పుట్టని సాలు.
నాలుగు ఆటల మీద నాలుగు తాళాలు.

"తారీఖు మనమే ఎక్కిద్దాం పా" అన్న.
"చేత్తోటి ఎక్కిస్తే నమ్మది కాకా.
నెట్టుల అడిగి తెలుసుకుంటది."

నమ్మదట.
ఈ ఊర్ల నేను పెట్టిచ్చిన టైము సూసుకొని
అహేరి బస్సు ఎక్కిండ్రు, పరీక్షలు రాసిండ్రు,
బిడ్డ పుట్టిన గడియ బాపనయ్యకు చెప్పిండ్రు.
ఒక్కడు గూడ, నీకెవరు చెప్పిండ్రని అడుగలే.

టవరుకు డీజిలు ఐపోయిందట.
గోదారి వంతెన నడుమకు పోతే
అవుతలి ఒడ్డు సిగ్నలు రెండు గీతలు దొరుకుతదట.
ఫోను చేతిల వట్టుకొని వాడు ఉరికిండు,
డబ్బను ఆడికి ఎట్ల మోస్తడో ఆలోచన చెయ్యకుంటనే.

నేను, మాడిశెట్టి, ఆ నీలిలైటు.
జనవరి ఒకటి, పన్నెండు గంటల ఏడు నిమిషాలు అంటున్నది.
ఎనిమిది.
దాని కడుపుల, సెల్లు ఈపు మీద,
నా చేతిరాతతోటి ఇయ్యాల్టి తారీఖు ఉన్నది.
దానికి సదువరాదు.