మొదటి ప్యాచీ

పాత ట్యూబుకి పదకొండు ప్యాచీలు.
లెక్క నాకు తెలుసు, మీరావలికీ తెలుసు.
ఏటుకూరు రోడ్డు సీసాపెంకుది ఒకటి,
తుమ్మముల్లువి రెండు,
ఎందుకు పడిందో ఇద్దరికీ అంతుబట్టనిది ఒకటి.
ఆ రోజు మా ఆయనకీ నాకూ మాటల్లేవు,
సైకిలు కూడా అలిగిందనుకున్నాను.
మిగతావన్నీ మిర్చి యార్డువే.
టిక్కీలు కుట్టే డబ్బనాలు విరిగి
దుమ్ములో మొన పైకెత్తి పడుకుంటాయి.

సైకిలు మా పిల్లది.
ఎనిమిదో తరగతిలో బళ్ళో ఇచ్చారు.
అది ఇప్పుడు బట్టలషాపుకి ఆటోలో పోతుంది,
నేను ముచ్చికలు తియ్యడానికి దీనిమీద పోతాను.

పంక్చరుకి ముప్ఫై.
అంటే మూడు కిలోల కాయ.
కొత్త ట్యూబు నూట ఎనభై.
అంటే పద్దెనిమిది కిలోలు,
పొద్దున కూర్చుంటే
అన్నం డబ్బా విప్పేదాకా నడుం ఎత్తకూడదు.
నా డబ్బంతా కిలోల్లోనే ఉంటుంది.

"మార్చిపారెయ్ పిన్నీ, గొడవొదిలిపోద్ది"
అంటాడు మీరావలి మేనల్లుడు నాగూరు.
"గొడవొదలాలంటే మార్చాల్సింది రోడ్డురా"
అంటాడు మీరావలి
పళ్ళతో సొల్యూషన్ మూత తీస్తూ.

కాస్త గాలి కొట్టి
బొచ్చెలో నీళ్ళకింద ట్యూబుని జరుపుకుంటూ పోతాడు.
ఏమీ లేదు, ఏమీ లేదు,
ఇంకాస్త జరిపితే
నిద్రపోయే పసిబిడ్డ పెదాల మీద లాగా
ఒక బుడగ,
దాని వెనకే ఇంకోటి.
తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి,
వేడి టీని ఊదినట్టు ఊది
ఆగుతాడు.
నాకేమో కళ్ళముందు మేస్త్రి తిరుగుతుంటాడు.
"తొందరపెట్టకమ్మా.
తడిమీద అంటిస్తే పట్టదు,
కోపం ఆరకముందే కాపరానికి పంపినట్టుంటది."
అదే చేత్తో కన్ను నలుపుకుంటాడు.
నా హ్యాండిల్ పట్టుకున్న చేత్తో
కన్ను ముట్టుకోకూడదని
నాలుగేళ్ళుగా చెబుతున్నాను.
బొచ్చెలో నీళ్ళే మొహాన కొట్టుకుని
మా గుంటూరు కాయని తిడతాడు.

పోయిన వారం మీరావలి పెదకాకాని ఉరుసుకి పోయాడు.
కొట్లో నాగూరొక్కడే.
పాత ట్యూబుని చచ్చిన పాములా పైకెత్తి చూపించి
"ఇంకెక్కడ అంటించమంటావు పిన్నీ, ఖాళీ ఏదీ?" అన్నాడు.
నిజమే అనిపించింది.
పద్దెనిమిది కిలోలు ఇచ్చేశాను.
కొత్త ట్యూబు నల్లగా, నున్నగా,
పౌడరు రాసుకున్న పెళ్ళికొడుకులా లోపలికి పోయింది.
రెండు రోజులు గాలిలో తేలినట్టుంది.
మూడోరోజు తెల్లారేసరికి
సైకిలు వాకిట్లో కుంటుతూ నిలబడింది.

మీరావలి మేనల్లుణ్ణి ఏమీ అనలేదు.
టైరుని నా ముందు పెట్టి
లోపల చేత్తో తడిమాడు, ఒక చుట్టు, రెండు చుట్లు.
ఏమీ తగల్లేదు.
నలభై ఏళ్ళు రబ్బరూ ఇనుమూ పట్టిన వేళ్ళు,
కాయలు కాసి
టైరుకంటే గట్టిపడ్డాయి.

"ఇటియ్యి" అన్నాను.

నా వేళ్ళ సంగతి వేరు.
ముచ్చిక ముచ్చికకీ కారం తిని
పైతోలు పల్చబడ్డ వేళ్ళు.
రాత్రి మజ్జిగలో ముంచినా చల్లారవు,
చీరకొంగు దారం తగిలినా తెలుస్తుంది.
టైరు లోపల మెల్లగా పోనిచ్చాను.
సగం చుట్టు తిరక్కముందే
చుర్రుమంది.

డబ్బనం మొన.
వడ్లగింజంత.
బయటనించి కనపడదు, లోపలికి కాస్తే పొడుచుకుని
పాత ట్యూబుకి ఓ ప్యాచీ పెట్టించింది,
కొత్తదాన్ని తినేసింది,
నేను చూడకపోతే ఇంకో పద్దెనిమిది కిలోలు తినేది.

నాగూరు తలొంచుకుని
పట్టకారుతో దాన్ని లాగాడు.
"వేళ్ళు అద్దెకిస్తావా పిన్నీ" అన్నాడు.
"కిలో లెక్కన" అన్నాను.

అప్పుడు మళ్ళీ బొచ్చె, మళ్ళీ బుడగ,
గీకడం, పూయడం, ఊదడం,
ఆగడం.
ఈసారి మేస్త్రి గుర్తుకు రాలేదు.

పాత ట్యూబుని పారెయ్యనివ్వలేదు.
చీల్చి
అన్నం డబ్బాకి క్యారేజీమీద కట్టు కట్టుకున్నాను.
నాలుగు ప్యాచీలు పైకే కనపడుతున్నాయి,
సీసాపెంకుదీ, అంతుబట్టనిదీ కూడా.

కొత్త ట్యూబుకి ఒక ప్యాచీ పడింది.
ఇక అది మా సైకిలుదే.

ఎక్కి నాలుగు తొక్కులు తొక్కానో లేదో
వెనకనించి "అబ్బా" అని కేక.
మళ్ళీ కన్ను నలుపుకున్నట్టున్నాడు.