ఆఖరి పది నిమిషాలు

సాల్మియా బడి హాల్లో నాటకం ముగియకముందే
నేను బయటికొచ్చేశాను.
జూన్ నెల. రాత్రి తొమ్మిదైనా బస్సు సీట్లు పెనాల్లా ఉంటాయి,
జనం ఎక్కేలోపు ఏసీ పట్టించాలి కదా.
అలా నా వరకూ ఓరుగల్లు మట్టికోట
ఇంకా కడుతూనే ఉన్నారు.

ఎక్కుతూనే మొదలెట్టారు.

వసుంధర టీచరు ముందు సీట్లో, చేతిలో మడిచిన కరపత్రం:
"కూలీల సద్దిలో మిరపకాయ కొరికించారండీ!
కాకతీయుల నాటికి అది సముద్రమే దాటి రాలేదు.
మిరియం అనొచ్చుగా, పద్యమేం కుంటిదైపోదు."

వెనక నుంచి ఓబుళమ్మ:
"మిరక్కాయ లేకుండా సద్ది ఎట్ల దిగుతాదమ్మా గొంతులో?
వాళ్ళు మనుసులు కాదా?"

బస్సంతా నవ్వింది. టీచరూ నవ్వింది గానీ
కరపత్రం మీద పెన్నుతో ఏదో గీసుకుంది.
హార్మోనియం మాట ఎవరూ ఎత్తలేదు.
అదీ ఓడెక్కి వచ్చిందేనని మస్తాన్‌వలి తనే ఒప్పుకున్నాడు,
పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని:
"నన్ను మాత్రం దింపెయ్యకండి టీచరమ్మా,
మంగాఫ్ దాకా నడవలేను."

ఎల్లేశం నవ్వలేదు.
"మిరపకాయ సంగతి నాకెర్కలేదు మేడం.
గాని నెత్తి మీద తట్ట పెట్టుకొని
అంత పొడుగు రాగం ఎవడు తీస్తడు?
దమ్మే సాలదు.
ఇంకోటి, నడిపగలు తవ్విపిచ్చిండ్రు.
ఈడ సర్కారోళ్ళే వద్దంటరు ఆ ఎండల.
ఆ రాజుకు తెల్వదా?"

ఐదో రింగు రోడ్డు దాటేదాకా
ఏసీ ఒక్కటే మాట్లాడింది.

నేను తలుపు దగ్గర నిలబడి చూసినంతలో
రాజు కిరీటం డక్టు రేకు, సేనాని కత్తి ప్లైవుడ్డు,
మంత్రిగారి గడ్డం చెమటకి జారి మెడలో వేలాడింది.
ఓదెలు గడ్డపార పట్టిన తీరు మాత్రం...
అరచేతుల్లో ఉమ్మేసుకుని,
నడుం నుంచి ఎత్తాడు, భుజాల్నుంచి కాదు.
డ్రైనేజీ కంపెనీలో తొమ్మిదేళ్ళు.
రిహార్సల్లో ఎవరూ నేర్పింది కాదది,
ఏ శాసనంలో వెతికినా దొరకదు.

ఓబుళమ్మ ఇంకా అక్కడే ఉంది:
"పాట తీసేస్తే ఆ తవ్వుడు ఎవురు సూస్తారబ్బీ?
మూడేండ్లుగా గిన్నెలు తోముతుండా,
ఒక్కరన్నా టికెట్టు కొన్న్యారా?"

మెసీలా వస్తోంది. పదిలోపు ఆమె గేటు దాటాలి.
అద్దంలో చూస్తూ అడిగేశాను:
"ఇంతకీ గోడ నిలబడిందా?"

"నిలబడింది నాయనా, కండ్లారా సూసినా."
"పడిపోయింది," అంది టీచరు.
"నాటకంలోనా?"
"చరిత్రలో."
మస్తాన్‌వలి తల మెట్ల మీదే ఉండిందట,
చప్పట్లు వినిపించాయి గానీ
దేనికో చూళ్ళేదన్నాడు.
"గోడ ముచ్చటేమో గాని," అన్నాడు ఎల్లేశం,
"తెర అయితే పడ్డది."

ఫింతాస్‌లో టీచరు దిగింది, కరపత్రం సీట్లోనే ఉండిపోయింది.
ఎర్రలైటు దగ్గర తిప్పి చూశాను:
మిరపకాయ చుట్టూ సున్నా,
దాని పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు.
కింద, నటుల జాబితాలో చిట్టచివర,
ఓదెలు పేరు కింద రెండు గీతలు.

మహబూలాలో లిఫ్టు పనిచెయ్యక నెల.
ఎల్లేశం మెట్లెక్కుతూ
ఆ కందకం పద్యమే కూనిరాగం తీస్తున్నాడు,
ఎవడూ తీయడన్నాడే, ఆ పొడుగు రాగంతో సహా.
రెండో అంతస్తు దాకా బాగానే వచ్చింది.
మూడో దాంట్లో తెగిపోయింది.

దమ్ము పట్టి మళ్ళీ అందుకుంటాడేమోనని
ఇంజను ఆపి
కాసేపు అక్కడే ఉన్నాను.